చలి ముదరకముందే కారు చూసుకో

అమ్మలూ,

మినియాపోలిస్‌లో పాత కారు కొన్నావని నాన్న చెప్పాడు. అక్కడ జనవరిలో సున్నా ఫారెన్‌హీట్ కిందికి దిగడం మామూలే. అక్టోబరు దాటేలోపు ఈ పనులు చేయించు.

అన్నిటికంటే ముందు టైర్లు. ఆల్ సీజన్ టైర్లున్నాయిగా అని ఊరుకోకు. 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి వెళ్తే ఆ రబ్బరు బిగుసుకుపోయి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ఉందో లేదో చూడు. ఎం ప్లస్ ఎస్ (మడ్ ప్లస్ స్నో, అంటే బురద, మంచు) అని మాత్రమే ఉంటే చాలదు. ఖర్చు తగ్గుతుందని రెండే మార్చకు. ముందు రెండూ పట్టి వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది. పావు డాలరు బిళ్లను వాషింగ్టన్ తల కిందికి ఉండేలా టైరు గాడిలో దూర్చు. తల పైకొస మునగకపోతే మిగిలింది మూడు మిల్లీమీటర్లే. అది మంచుకి ఆగదు.

ఉష్ణోగ్రత పది డిగ్రీల ఫారెన్‌హీట్ పడితే టైర్లో గాలి ఒత్తిడి దాదాపు ఒక పీఎస్ఐ (ఆ ఒత్తిడిని కొలిచే లెక్క) తగ్గుతుంది. పొద్దున్నే బండి తీయకముందు చూసుకో. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే స్టిక్కర్ మీద కనిపిస్తుంది. టైరు మీద ఉన్న అంకె గరిష్ఠం, అంత పెట్టకూడదు.

తర్వాత బ్యాటరీ. చలికి దాని శక్తి పడిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడానికి ఎక్కువ శక్తి కావాలి. అందుకే వేసవిలో బాగున్న బ్యాటరీ జనవరిలో మొండికేస్తుంది. మూడేళ్లు దాటితే విడిభాగాల షాపులో పరీక్ష చేయించు, చాలాచోట్ల డబ్బు తీసుకోరు. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులుండాలి. గడ్డకట్టి ఉబ్బిన బ్యాటరీకి మాత్రం ఎవరు చెప్పినా ఇంకో బండి బ్యాటరీకి వైర్లు కలిపి జంప్ ఇవ్వకు, పేలుతుంది. ఆయిల్ మాన్యువల్లో రాసిన గ్రేడే పోయించు.

మన ఊళ్లో రేడియేటర్‌లో ఉత్త నీళ్లు పోసి నడిపేస్తారు. అక్కడ ఆ నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే ఇంజిన్ బ్లాకే పగులుతుంది. కూలెంటు, నీళ్లు సగం సగం ఉంటే సున్నా ఫారెన్‌హీట్‌కి 34 డిగ్రీలు కింద దాకా గడ్డకట్టదు. ఎక్కువ కూలెంటు మంచిదనుకుని నీళ్లు కలపకుండా పోస్తే ఇంకా ముందే గడ్డకడుతుంది. అద్దం కడిగే ద్రవం కూడా సున్నాకి 20 కింద తట్టుకునేదే కొను.

అద్దం మీది మంచుకి వేడినీళ్లు పోయకు, పగులుతుంది. లోపల ఆవిరి పడితే హీటర్‌తో పాటు ఏసీ వెయ్యి, గాలిలో తడి లాగేస్తుంది. లోపలి గాలినే తిప్పే బటన్ ఆపు.

జారితే కాలు యాక్సిలరేటర్ మీంచి తీసి, ఎటు వెళ్లాలో అటే చూస్తూ స్టీరింగ్ తిప్పు. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో బ్రేకు గట్టిగా తొక్కి అలాగే ఉంచు. కింద గరగరలాడితే బెదరకు, అది పనిచేస్తున్నట్టే.

ట్యాంకు సగానికి తగ్గనివ్వకు. పార, దుప్పటి, ఒక సంచి ఇసుక డిక్కీలో పెట్టుకో. దారిలో ఇరుక్కుంటే ఇంజిన్ వేసే ముందు దిగి, పొగ గొట్టం చుట్టూ మంచు తవ్వెయ్యి. అది మూసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదమ్మా, తెలియకుండానే నిద్రలోకి తీసుకెళ్తుంది. ఇంజిన్ గంటకి పది నిమిషాలే వేసి ఉంచు, కిటికీ కొంచెం దించి ఉంచు.

పెద్ద మంచు పడితే నగరంవాళ్లు స్నో ఎమర్జెన్సీ ప్రకటిస్తారు. మూడు రోజుల పాటు ఏ వీధిలో ఏ పక్క బండి పెట్టకూడదో మారుతూ ఉంటుంది. తప్పితే లాక్కెళ్తారు. ఆ కబురు ఫోన్‌కి వచ్చేలా ఈ వారమే పెట్టుకో.

మీ పెదనాన్న