కప్ప బొమ్మ చేయబోతున్న అమ్మలూకు

చిరంజీవి అమ్మలూకు పెదనాన్న ఆశీస్సులు.

నగరం నడిబొడ్డున, దారిన పోయేవాళ్లు చూసి నవ్వుకునేలా పెద్ద కంచు కప్పను చేసే పని నీకు దక్కిందని మీ అమ్మ చెప్పింది. చాలా గర్వంగా ఉంది. నిద్ర పట్టడం లేదన్న మాటా నిజమే.

మట్టి పరీక్ష, పునాది, గాలి ఒత్తిడి లెక్కలు ఇంజనీరు చూసుకుంటారు. నిర్వహణ ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాయించుకో.

నా భయమంతా నీ చిత్రంలో కప్ప ముందరి కాలికీ పొట్టకూ మధ్య కనిపించిన సందు గురించే. ఆటస్థలాల పరికరాలకు అమెరికాలో పాటించే ప్రమాణాల్లో మూడున్నర అంగుళాలకూ తొమ్మిది అంగుళాలకూ మధ్య ఉండే సందును ప్రమాదకరంగా లెక్కిస్తారు, ఎందుకంటే పసివాడి ఒళ్లు కాళ్ల వైపు నుంచి అందులో దూరిపోతుంది గాని తల దూరదు. నేను పని నేర్చుకున్న పోతశాలలో తొండం చుట్టుకున్న ఏనుగు పిల్లను పోశారు. తొండానికీ గొంతుకూ మధ్య ఖాళీ లేకపోతే బొమ్మకు ప్రాణం ఉండదని పెద్దమేస్త్రి పట్టుబట్టి, ఎక్కరాదని రాసిన పలకను పీఠానికి బిగించి ఊరుకున్నాడు. చదువు రాని పసివాడికి పలక ఏం చెబుతుంది? ఒకడు కాళ్లు ముందు పెట్టి జారి, గడ్డం దగ్గర ఇరుక్కుపోయాడు. పక్కనున్నవాళ్లు ఒళ్లు ఎత్తి పట్టుకోబట్టి బతికాడు. రంపం తొండాన్ని కోస్తున్నంతసేపూ తల్లి వాడి చెవులు రెండు చేతులతో మూసి పట్టుకుంది. తరువాత తొండాన్ని గొంతుకు ఆనించి అతికారు. అందం ఏమీ చెడలేదు, ఎక్కే పిల్లలూ తగ్గలేదు. అందం పోతుందని నువ్వు వాదిస్తావని తెలుసు, ఆ మొండితనం మన ఇంటిదే; అయినా ఆ సందును పూర్తిగా మూసెయ్యి, లేదా పిల్లవాడు నడిచి పోయేంత పెద్దది చెయ్యి.

కంచు లోపల ఇనుప చట్రం పెట్టనివ్వకు. లిబర్టీ విగ్రహంలో రాగి తొడుగు వెనుకనున్న ఇనుప పట్టీలు తుప్పు పట్టి ఉబ్బిపోతే, 1980లలో వాటి స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు వేయవలసి వచ్చింది. నీళ్లు నిలవకుండా అడుగున రంధ్రాలు ఉంచు. అచ్చులను మాత్రం పారేయకు. కోపెన్‌హాగెన్‌లో 1913 నుంచి కూర్చుని ఉన్న జలకన్య తలను 1964లో ఎవరో కోసుకుపోతే కొత్త తల పెట్టారు. బ్రస్సెల్స్‌లో మూత్రం పోసే బుడతడు వీధిలో ఉన్నది నకలే, అసలు బొమ్మ మ్యూజియంలో ఉంది. జనం ప్రేమించిన బొమ్మకు దొంగల బెడదా ఎక్కువే, తల్లీ.

పేరు గురించి బెంగపడకు. షికాగోలో అనీష్ కపూర్ తన బొమ్మకు మేఘద్వారం అని అర్థం వచ్చే పేరు పెడితే, ఊరు దాన్ని చిక్కుడు గింజ అంటోంది. నీ కప్పనూ ఏదో ఒకటి అంటారు, కోపగించుకోకు.

ఎండకు కంచు కాలుతుంది కాబట్టి, వీలైతే నీడపట్టున పెట్టించు. పోతశాల నుంచి కదిలించే ముందు కొందరు పిల్లలను పిలిచి ఎక్కనివ్వు. వాళ్లు చేయి వేసిన ప్రతి చోటా నువ్వూ తడిమి చూసి, అంచు తగిలితే అరగదీయించు. ప్రయాణం నాకు కష్టమే అయినా ఆ రోజుకు వస్తాను, తేదీ రాయి.

ఇట్లు,
పెదనాన్న