గనిలో తాళం ఎందుకు బిగుసుకుపోతోంది?

ప్రశ్న: నేను సింగరేణి ప్రాంతంలోని ఒక భూగర్భ బొగ్గు గనిలో పని చేస్తున్నాను. మా పనిముట్ల పెట్టెకు వేసే తాళాలు రెండు మూడు నెలలకే బిగుసుకుపోతున్నాయి. ఈసారి బరువైన ఇనుప తాళం కొన్నా అదే గతి పట్టింది. ఎలాంటిది కొనాలి?
– ఒక పాఠకుడు, మంచిర్యాల జిల్లా

జవాబు: దొంగకు భయపడేవారు బరువు చూసి తాళం కొంటారు. మీ తాళాన్ని పాడు చేస్తున్నవి పైకప్పు నుంచి కారే నీరు, బొగ్గు దుమ్ము, ఆ దుమ్ము పేలకుండా చల్లే సున్నపురాయి పొడి. మామూలు తాళం లోపల తాళంచెవి పళ్లకు తగినట్లు లేచే పిన్నులు, వాటిని వెనక్కి నెట్టే సన్నని స్ప్రింగులు ఉంటాయి. తడిసిన పొడి ముద్దగా మారి వాటిలో ఒక్కదాన్ని పట్టేసినా తాళం తెరుచుకోదు.

అందువల్ల స్ప్రింగుల బదులు తాళంచెవితోపాటు తిరిగే బిళ్లలున్న డిస్క్ తాళం మీకు మేలు. ఈ పద్ధతిని ఫిన్లాండ్‌కు చెందిన ఎమిల్ హెన్రిక్సన్ 1907లో రూపొందించాడు. ధర ఎక్కువే, కానీ ఏడాదికి నాలుగైదు తాళాలు పారేసేవారికి అది భారం కాదు.

ఇత్తడి తాళానికి ఇనుప కడ్డీ ఉంటే, తడిలో రెండు లోహాలూ ఆనుకున్నచోట ఇనుము మరింత త్వరగా తుప్పు పడుతుంది కనుక స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ ఉన్నదే అడగండి. 2–3 శాతం మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకమైతే ఉప్పునీటికీ బాగా తట్టుకుంటుంది. రేకులు పేర్చి బిగించిన తాళాల సందుల్లో నీరు నిలుస్తుంది. తేలికగా ఉంటుందని అల్యూమినియం తాళం మాత్రం గనిలోకి తీసుకెళ్లకండి: తుప్పుపట్టిన ఇనుముకు అది గట్టిగా తగిలితే బొగ్గు పొరల నుంచి వెలువడే మీథేన్ వాయువును అంటించగల నిప్పురవ్వలు పుడతాయి. ఏది కొన్నా ముందు మీ సేఫ్టీ ఆఫీసరుకు చూపించండి.

రబ్బరు తొడుగుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అడుగున నీరు పోయే రంధ్రం లేకపోతే అవి తేమను లోపలే బంధిస్తాయి. నూనె పోసే అలవాటు కూడా మానండి, దానికి దుమ్ము మరింత అంటుకుంటుంది. ఒకే తాళంచెవితో తెరుచుకునే రెండు తాళాలు కొని, నెలకొకసారి ఒకదాన్ని పైకి తెచ్చి, కిరోసిన్‌తో కడిగి, బాగా ఆరాక టెఫ్లాన్ పొడి లూబ్రికెంట్ కొట్టి ఉంచండి. ఆ నెలంతా రెండోది కింద కాపలా కాస్తుంది.