యాట, మేక, గొఱ్ఱెపిల్ల

తమ్ముడూ, వందనాలు.

ప్రాయశ్చిత్తం మీద నీ వ్యాసం చదివాను. మనసు పెట్టి రాశావు. కానీ మొదటి పేజీలోనే పస్కా గొఱ్ఱెపిల్లనూ ప్రాయశ్చిత్త దినపు మేకనూ కలిపేశావు. పస్కా పండుగ ఇశ్రాయేలీయులకు ఐగుప్తు నుంచి వచ్చిన విడుదలకు గుర్తు. ఆ మాంసం ఇంటిల్లిపాదీ ఆ రాత్రే తినాలి. ప్రాయశ్చిత్త దినం, అంటే జనమంతటి పాపాల కోసం బలి అర్పించే రోజు, వాళ్ల లెక్కలో ఏడో నెల పదో రోజు. అప్పటి పాపపరిహార బలి మాంసం ఎవరూ తినరు, పాళెం వెలుపల కాల్చేస్తారు.

నల్లగొండలో ఈ తేడా మరీ విడమరిచి చెప్పాలి. దేవరకొండ పక్క పల్లెలో బలి అనగానే ఎల్లమ్మ ముందటి యాట, అంటే బలిచ్చే జీవం, గుర్తొస్తుంది: నీళ్లు చల్లితే అది ఒళ్లు దులపాలి, అప్పుడే బలికి ఒప్పుకున్నట్టు, కోశాక చుట్టాలకు కూర. ఆ నమ్మకాన్ని చిన్నచూపు చూడకు, తేడా మాత్రం చూపించు. లేవీయకాండం 16లో ఒప్పుకోవాల్సింది మేక కాదు, మనిషి. బతికున్న మేక తలమీద యాజకుడు రెండు చేతులూ పెట్టి జనం పాపాలన్నీ ఒప్పుకుంటాడు. దాన్ని కోయరు, ఎడారికి తోలేస్తారు.

క్రమం తప్పించకు. యాజకుడి స్నానం, నారబట్టలు, తనకోసం కోడె, రెండు మేకల మీద చీట్లు: ఒకటి బలికి, ఒకటి విడిచిపెట్టడానికి. అతి పరిశుద్ధ స్థలపు తెర లోపలికి రక్తం కంటే ముందు ధూపం వెళ్తుంది: నిప్పులున్న ధూపార్తి, పిడికిళ్ల నిండా మెత్తని ధూపద్రవ్యం. ఆ పొగ కరుణాపీఠాన్ని, అంటే మందసం పైమూతను, కమ్మకపోతే యాజకుడు చస్తాడు. నీ వ్యాసంలో ఈ భయం లేదు. అందుకే మార్కు 15:38లో, యేసు చనిపోగానే, తెర చినిగిన చోటికి వచ్చినా చదివేవాడి గుండె అదరదు. ఆ తర్వాతే కోడె రక్తం, మేక రక్తం. వేలితో పీఠం మీద, దాని ముందు ఏడుసార్లు.

లోపలికి వెళ్లిన రక్తం పక్కన హెబ్రీ 9:12 పెట్టు, వెలుపల కాలిన కళేబరాల పక్కన 13:11-12. విడిచిపెట్టే మేకను క్రీస్తుతో పోల్చింది తొలి శతాబ్దాల సంఘ రచయితలు. కొత్త నిబంధన దాని పేరెత్తదు. అది స్పష్టంగా రాయి.

ఇంకొకటి. హెబ్రీ 9:22లోని "రక్తము చిందింపకుండ పాప క్షమాపణ కలుగదు" దగ్గర ఆపేశావు. ఆ వాక్యం చివర "సామాన్యముగా" అనే మాట ఉంది. లేవీయకాండం 5:11 చూడు: రెండు గువ్వలు కూడా తేలేని పేదవాడు తూమెడు గోధుమపిండిలో పదోవంతు తెస్తే చాలు. నూనె పోయొద్దు, సాంబ్రాణి వేయొద్దు. యాజకుడు అందులోంచి పిడికెడు తీసి బలిపీఠం మీద కాలుస్తాడు. యాట కొనలేని ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి. ఆ పిడికెడు పిండి మీద ఒక పేజీ రాసి పంపు.