రేటింగ్ పడిపోయిన షేరు చవగ్గా వస్తోంది, కొనొచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఒక ఇన్‌ఫ్రా కంపెనీ షేరు రెండేళ్ల కిందట 180 రూపాయలు ఉండేది, ఇప్పుడు 22కే వస్తోంది. కంపెనీ రేటింగ్ రెండుసార్లు తగ్గింది. రిస్క్ ఎక్కువైతే రాబడీ ఎక్కువే కదా అంటున్నాడు మా తమ్ముడు. వచ్చే ఏడాది అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకని దాచిన 3 లక్షలు ఇందులో పెట్టొచ్చా?

జవాబు: వద్దండి. ఆ డబ్బు అసలే వద్దు.

మీ తమ్ముడి మాట బాండ్ల విషయంలో చాలావరకు నిజం. రేటింగ్ (అప్పు తీర్చగల సత్తాకు రేటింగ్ ఏజెన్సీలు ఇచ్చే గ్రేడు) తక్కువున్న కంపెనీకి అప్పిచ్చేవాళ్లు ఎక్కువ వడ్డీ అడుగుతారు, అది కాగితం మీద రాసుకుంటారు. షేరు కొన్న మీకు అలా ఎవరూ రాసివ్వరు. 1981 తర్వాతి అమెరికా షేర్ల మీద ఆర్థిక పరిశోధకులు క్యాంప్‌బెల్, హిల్షర్, సిలాగీ చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. దివాలాకు దగ్గరగా ఉన్న కంపెనీల షేర్లు ఎక్కువ ఊగిసలాడాయి, సగటున రాబడి మాత్రం తక్కువే ఇచ్చాయని అందులో తేలింది.

ఎందుకో చెప్తాను. 50 లక్షల ఫ్లాట్‌ను 40 లక్షల లోన్‌తో కొన్నారనుకోండి. ధర పది శాతం తగ్గి 45 లక్షలైతే బ్యాంకు 40 లక్షలు అలాగే ఉంటాయి, మీ 10 లక్షలు మాత్రం 5 అవుతాయి. అప్పుల్లో మునిగిన కంపెనీలో షేర్‌హోల్డర్ పరిస్థితి ఇదే.

ఇళ్ల లోన్లిచ్చే డీహెచ్‌ఎఫ్‌ఎల్ కంపెనీ గుర్తుందా? 2018 సెప్టెంబర్ 21న ఒక్కరోజులోనే ఆ షేరు 40 శాతానికి పైగా పడింది. అప్పటికి దాని రేటింగ్ ఇంకా ట్రిపుల్ ఏ, అంటే అన్నిటికన్నా పై గ్రేడు! 2019 ఫిబ్రవరిలో తగ్గించడం మొదలుపెట్టారు, జూన్ కల్లా ‘డి’కి, అంటే ఎగవేతకు చేర్చారు. రేటింగ్ తగ్గే దాకా ఆగి జాగ్రత్తపడదాం అనుకున్నవాళ్లకు అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ తర్వాత కూడా ‘ఇంతకన్నా ఏం పడుతుందిలే’ అని కొన్నవాళ్లున్నారు. దివాలా తీసిన ఆ కంపెనీని కొనడానికి పిరమల్ గ్రూపు ఇచ్చిన ప్రణాళికకు 2021 జూన్‌లో ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) ఆమోదం వచ్చింది. దాదాపు 87 వేల కోట్ల బకాయిలకు దక్కింది 34,250 కోట్లు. అప్పిచ్చినవాళ్లకే సగం రాలేదు కాబట్టి షేర్లు పూర్తిగా రద్దయ్యాయి. చేతికి ఒక్క రూపాయీ రాలేదు. 22 రూపాయల షేరు సున్నా అయినా, 180 రూపాయల షేరు సున్నా అయినా పోయేది మీరు పెట్టిన 3 లక్షలే.

మీరు పంపిన వార్షిక నివేదిక పేజీ చూశాను. వడ్డీ కట్టకముందు లాభం 412 కోట్లు, వడ్డీ 390 కోట్లు. కంపెనీకి రావాల్సిన రెండు పెద్ద బిల్లుల డబ్బు ఆలస్యమైతే వడ్డీకి మళ్లీ అప్పు చేయాల్సిందే. నాకు టెన్షన్ పెట్టింది ఈ రెండంకెలే, షేరు ధర కాదు. లాభం వడ్డీకి కనీసం మూడింతలైనా లేని కంపెనీని నేను మామూలు కుటుంబాలకు చెప్పను.

అప్పు తీర్చుకుని కోలుకున్న కంపెనీలు మంచి లాభాలిచ్చిన మాట వాస్తవమే. కాకపోతే అందుకు వరసగా రెండేళ్లు మొత్తం అప్పు తగ్గడం, రేటింగ్ పెరగడం కనిపించాలి. అప్పటికి షేరు 40కి చేరినా ఫర్వాలేదు, అప్పుడు చూడొచ్చు. అదీ పోయినా ఇంట్లో ఇబ్బంది రాని డబ్బుతోనే.

ఫీజు డబ్బును ఏడాది ఎఫ్‌డీలో వేయండి. కౌన్సెలింగ్ తేదీకి నెల ముందే మెచ్యూర్ అయ్యేలా చూసుకోండి. తమ్ముడు ఇప్పటికే కొని ఉంటే, సగటు ధర తగ్గించుకోవడానికని మళ్లీ కొనొద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి.