ఓట్ల తాళంచెవి ఒక్కరి చేతిలో పెట్టకు

అమ్మాయీ,

మీ సంఘం ఎన్నికలకి ఆన్‌లైన్ ఓటింగ్ నువ్వే తయారు చేస్తున్నావని చదివి సంతోషించాను. ఓటుని ఎవరూ చదవలేని రహస్య సంకేతంగా మార్చే ఎన్‌క్రిప్షన్ గురించి మూడు పేజీలు రాశావు, దాన్ని తిరిగి తెరిచే డిజిటల్ తాళంచెవి గురించి రెండే లైన్లు. నాకు టెన్షన్ పుట్టించింది ఆ రెండు లైన్లే.

ఓటు దాచడం ఇప్పుడు పెద్ద పని కాదు. 1985 నాటి ఎల్‌గమాల్ ఎన్‌క్రిప్షన్ పద్ధతిని కాస్త మార్చుకుంటే, ఏ ఓటూ విడిగా తెరవకుండా అన్నీ కలిపి మొత్తం ఒక్కటే చూడొచ్చు. కానీ తాళంచెవి ఉన్నవాడు కావాలనుకుంటే ఎవరి ఓటైనా తెరుస్తాడు. అందుకే క్రిప్టోగ్రఫీ (రహస్య సంకేతాల శాస్త్రం) పరిశోధకుడు షమీర్ 1979లో చెప్పినట్టు దాన్ని ముక్కలుగా పంచు. ఐదుగురికిచ్చి, ఏ ముగ్గురు కలిసినా తెరుచుకునేలా పెట్టు. ఒకరంటే ఒకరికి పడనివాళ్లయితే మరీ మంచిది. పూర్తి తాళంచెవి ఏ ఒక్క కంప్యూటర్‌లోనూ, ఒక్క క్షణమైనా ఉండకూడదు.

అలాగని అందరూ కావాల్సిందేనని పెట్టకు. క్రిప్టోగ్రఫీ పరిశోధకుల అంతర్జాతీయ సంఘం ఐఏసీఆర్ 2025లో అలాగే పెట్టుకుంది. తాళంచెవి ముక్కలు దాచే ట్రస్టీలు ముగ్గురు, తెరవాలంటే మూడు ముక్కలూ కావాలి. ఒకరి ముక్క పోయింది. ఓట్లన్నీ భద్రంగానే ఉన్నాయి, తెరిచే దారే లేదు! ఎన్నిక మళ్లీ పెట్టుకుని, ఇద్దరు చాలని మార్చుకున్నారు.

ఇక ఓటరు కంప్యూటరే మోసం చేస్తే? ఒక పేరు నొక్కితే ఇంకో పేరుని ఎన్‌క్రిప్ట్ చేస్తే? దీనికి బెనలో అనే మరో క్రిప్టోగ్రఫీ పరిశోధకుడు చెప్పిన ఉపాయం ఉంది. ఓటు ఎన్‌క్రిప్ట్ అయ్యాక ‘వెయ్యి’, ‘పరీక్షించు’ అని రెండు బటన్లు చూపించు. రెండోది నొక్కితే ఎన్‌క్రిప్షన్‌లో వాడిన రహస్య సంఖ్య బయటపెట్టాలి, ఓటరు దాన్ని వేరే ఫోన్‌లో సరిచూసుకుంటాడు. ఏది నొక్కుతారో ముందే తెలియదు కాబట్టి కంప్యూటర్‌కి భయం. పరీక్షించిన ఓటు మాత్రం రద్దు చెయ్యి, లేకపోతే అది డబ్బిచ్చినవాడికి చూపించే రసీదు అవుతుంది. నేను పెట్టిన చోట ఆ బటన్ నొక్కినవాళ్లు బాగా తక్కువ. అయినా తీసెయ్యకు.

పక్కన కూర్చుని బలవంతంగా ఓటు వేయించేవాడిని ఈ లెక్కలేవీ ఆపలేవు. ఈస్టోనియాలోలా మళ్లీ ఓటు వేసుకోనివ్వు, చివరిదే లెక్కలోకి తీసుకో.

అసలు ఎన్నికకి ముందు ఉత్తుత్తి ఓట్లతో ఒక రిహార్సల్ చెయ్యి. ఇద్దరు ట్రస్టీల లాప్‌టాప్‌లు ఆపించి, మిగతా ముగ్గురితో తెరిపించు. తెరుచుకున్నాక నాకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య