ఇంట్లోనే బ్రేక్ క్యాలిపర్లకు రంగు: ఏది వాడాలి, ఎక్కడ తగలకూడదు?

అడిగింది ఇదీ: "స్విఫ్ట్‌కి అల్లాయ్ వీల్స్ వేయించాక లోపల తుప్పు పట్టిన క్యాలిపర్లు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. ఎరుపు వేద్దామనుకుంటున్నా. గేటుకు వేయగా మిగిలిన ఎనామెల్ పనికొస్తుందా? క్యాలిపర్ విప్పాలా?"

గేటు ఎనామెల్ వద్దు. మొదటిసారి చేస్తుంటే చక్రం తప్ప ఇంకేమీ విప్పొద్దు. క్యాలిపర్ అంటే బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కి చక్రాన్ని ఆపే భాగం. అల్లాయ్ పుల్లల సందుల్లోంచి కనిపించేది దాని బయటి ముఖం ఒక్కటే. దాన్ని బండి మీద ఉండగానే బ్రష్‌తో వేసుకోవచ్చు. స్విఫ్ట్‌లో డిస్కులు ముందు మాత్రమే, వెనక డ్రమ్ములు. కాబట్టి రెండు క్యాలిపర్లు, రెండు డ్రమ్ములు. సెలవు రోజు పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అవుతుంది. అందులో రంగు వేసేది అరగంట కూడా ఉండదు. మిగతాదంతా తోమడం, టేపు అంటించడం, ఆరేదాకా ఓపిక పట్టడం.

ముందు రంగు సంగతి. తిరుమల ఘాట్ దిగుతూ గేరు మీద కాకుండా బ్రేకు మీదే బండిని ఆపుకుంటూ వస్తే డిస్కు కొన్ని వందల డిగ్రీలు వేడెక్కగలదు. ఆ వేడి ప్యాడ్ల మీదుగా క్యాలిపర్‌కి పాకుతుంది. గేటు ఎనామెల్ ఆ వేడికి మెత్తబడుతుంది, బ్రేకు దుమ్ము అందులో కూరుకుపోతుంది, ఎరుపు కాస్తా ఇటుక రంగులోకి దిగుతుంది. ఇంకో శత్రువు బ్రేక్ ఆయిల్. కార్లలో పోసే డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిళ్లు రెండూ గ్లైకాల్ ఈథర్ రకం. మామూలు రంగు మీద చుక్క పడితే కాసేపటికే పొర ఉబ్బి లేస్తుంది.

బైకు సైలెన్సర్లకు కొట్టే హీట్ పెయింట్ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. డబ్బా మీద 600 డిగ్రీలు అని ఉంటుంది కాబట్టి ఇంకా మంచిదే కదా అనిపిస్తుంది. కానీ అలాంటి సిలికాన్ రంగుల్లో చాలావరకు సుమారు 200 డిగ్రీల వేడి తగిలాకే గట్టిపడతాయి. సైలెన్సర్‌కి ఆ వేడి తగులుతుంది. ఊళ్లో తిరిగే కారు క్యాలిపర్‌కి మామూలుగా అంత వేడి రాదు. అందుకే పొర మెత్తగానే ఉండిపోయి గోరు తగిలినా గీత పడుతుంది. కొనాల్సింది 'బ్రేక్ క్యాలిపర్ పెయింట్' అని రాసి ఉన్నదే. వాటిలో హార్డెనర్ కలుపుకుని బ్రష్‌తో వేసే రెండు డబ్బాల రకం అన్నిటికన్నా మేలు. ఖరీదు ఎక్కువే, కానీ బ్రేక్ ఆయిల్‌ని తట్టుకుంటుంది, రెండు మూడేళ్లకు మళ్లీ వేయాల్సిన పని తక్కువ. మీ పనికి 100 నుంచి 150 మిల్లీలీటర్లు చాలు. హార్డెనర్ కలిపాక డబ్బాలో కూడా అది గట్టిపడుతూనే ఉంటుంది. అందుకే మొత్తం తోమడం, టేపు అంటించడం అయ్యాకే కలపండి.

రోజు ఎంచుకోవడం కూడా పనిలో భాగమే. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో స్ప్రే కొడితే రంగు గాల్లోనే సగం ఆరి, ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. వానాకాలం తేమలో పొర మీద తెల్లటి మబ్బు కమ్ముతుంది. విశాఖ, మచిలీపట్నం వైపు వాళ్లకు ఇంకో తంటా ఉంది: తోమిన ఇనుము మీద ఉప్పు గాలికి కొన్ని గంటల్లోనే కొత్త తుప్పు పొడ చూపుతుంది. తోమిన రోజే వేసేయాలి, రాత్రంతా వదిలేయొద్దు.

బండిని చదును నేల మీద ఆపి, మొదటి గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎత్తని వైపు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. నట్లు బండి నేల మీద ఉండగానే పావు తిప్పు వదులు చేయాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఎత్తాక స్టాండు పెట్టి దాని మీదకు దించండి. ఇటుకలు పేర్చి దాని మీద బండి నిలబెట్టేవాళ్లున్నారు. ఇటుక చెప్పి విరగదు. చక్రం తీశాక క్యాలిపర్ బయటివైపు తిరిగేలా స్టీరింగ్ తిప్పితే చెయ్యి ఆడుతుంది.

ఇప్పుడు తోమడం. పొడి దుమ్మును గాలి కొట్టి లేపొద్దు, అది ఊపిరితిత్తులకు చేటు. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, సబ్బు నీళ్లతో తడిపి పాత టూత్‌బ్రష్‌తో మట్టి దించండి. ఆరాక వైర్ బ్రష్, తర్వాత 80 నంబరు ఎమ్రీ పేపరు, చివరగా 120. ఊడే తుప్పు అంతా పోవాలి. గుంటల్లో మిగిలిన ముదురు మరక ఫర్వాలేదు, గోటితో గీకితే పొడి రాలకపోతే చాలు. గ్రైండర్‌కి వైర్ కప్పు తగిలించి మొదలుపెట్టకండి. ఒక్క జారుడుకి, ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు బూటు చిరుగుతుంది, అక్కణ్నుంచి నీళ్లు, మట్టి దూరి కొన్ని నెలల్లో పిస్టన్ పట్టేస్తుంది.

జిడ్డు తీయడానికి కిరసనాయిలు, డీజిల్, పెట్రోలు చేరనివ్వొద్దు. బ్రేకు సీళ్లలో ఉండే రబ్బరు గ్లైకాల్ ఆయిల్‌కి తగ్గట్టు చేసింది, పెట్రోలియం తగిలితే ఉబ్బుతుంది. పైగా అవి వదిలే పలుచటి నూనె పొర మీద ఏ రంగూ నిలవదు. బ్రేక్ క్లీనర్ స్ప్రేనే వాడండి. రెండు క్యాలిపర్లకే ఒక 500 మిల్లీలీటర్ల డబ్బా దాదాపు ఖాళీ అవుతుంది, అక్కడ పిసినారితనం వద్దు. తెల్ల బనియన్ గుడ్డతో తుడిస్తే నలుపు అంటనంతవరకూ కడగండి. ఆ తర్వాత వేలు కూడా తగలకూడదు.

రంగు తగలకూడని చోట్లు జాగ్రత్తగా చూసుకోండి, ఈ పనిలో చెడేది ఇక్కడే. బ్లీడర్ నిపుల్ (బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలిని బయటికి వదిలే చిన్న స్క్రూ) మీద పడితే రేపు బ్లీడింగ్‌కి తిప్పేటప్పుడు అది బిగుసుకుపోయి తల విరగొచ్చు. రబ్బరు బూట్ల మీద పడితే రంగు గట్టిపడి బూటు పగులుతుంది. ప్యాడ్ చెవులు జారే గాడుల్లో పడితే ప్యాడ్ వెనక్కి రాదు, డిస్కుకు రాసుకుంటూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ఒక వైపు చక్రం విపరీతంగా వేడెక్కుతుంది. హబ్ మీద చక్రం ఆనే ముఖానికి, నట్లు ఎక్కే స్టడ్లకు కూడా వద్దు. మధ్యలో రంగు పొర ఉంటే అది నలిగి నట్లు వదులవుతాయి. బ్రేక్ పైపుకి, ఏబీఎస్ సెన్సర్ తీగకు టేపు చుట్టేయండి. డిస్కుకు పాలిథీన్ కవరు తొడిగి అంచులు టేపుతో మూయండి. స్ప్రే వాడేవాళ్లయితే ఫెండర్ లోపల, స్టీరింగ్ టై రాడ్ చివర, పక్కన నిలిపి ఉన్న ఇంకో బండి దాకా కప్పుకోవాలి. గాలికి ఎరుపు తుంపర చాలా దూరం పోతుంది.

బ్రష్‌తో మొదటి కోటు పలుచగా వేయండి, కింది ఇనుము లీలగా కనిపించినా కంగారుపడొద్దు. రెండోది డబ్బా మీద రాసిన సమయం తర్వాత, సాధారణంగా 15 నుంచి 30 నిమిషాలకు. అవసరమైతే మూడోది. ఒకేసారి మందంగా పూస్తే పైన తోలు కట్టి లోపలి థిన్నర్ బయటికి రాలేక బుడగలు లేస్తాయి. అంగుళం బ్రష్ ఒకటి, మూలలకు అర అంగుళంది ఒకటి. స్ప్రే అయితే 20–25 సెంటీమీటర్ల దూరం నుంచి పది నిమిషాలకొకటి చొప్పున నాలుగు తేలిక కోట్లు. చార కారితే వెంటనే తుడవకండి, ఆరాక రుద్ది మళ్లీ వేయండి. టేపును మాత్రం ఆఖరి కోటు ఇంకా జిగటగా ఉండగానే లాగాలి. పూర్తిగా గట్టిపడ్డాక లాగితే అంచు పెచ్చుగా లేస్తుంది.

వెనక డ్రమ్ములకు బయటి గుండ్రం చాలు. నా ఓటు నలుపుకి లేదా సిల్వర్‌కి. ఎర్ర డ్రమ్ము దూరానికి పెయింట్ డబ్బాలా కనిపిస్తుంది.

క్యాలిపర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్‌కి, లోపలివైపు కూడా వేయాలనుకుంటే స్లైడ్ పిన్ (క్యాలిపర్ అటూ ఇటూ జారే పిన్) బోల్టులు రెండూ తీసి క్యాలిపర్‌ను గట్టి తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు వేలాడదీయండి. పైపు మీద బరువు పడొద్దు, పైపు ఊడదీయొద్దు. అది వేలాడుతుండగా ఇంట్లో పిల్లలెవరూ ఎక్కి బ్రేకు తొక్కకుండా చూసుకోండి, పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. ప్యాడ్లు ఏది లోపలిదో ఏది బయటిదో గుర్తు పెట్టుకోండి. తిరిగి బిగించడానికి పిస్టన్‌ను వెనక్కి నొక్కేముందు బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి మట్టం చూడండి, గరిష్ఠ గీత దగ్గర ఉంటే సిరంజితో కొంచెం లాగేయండి. పొంగి బాడీ మీద పడితే వెంటనే నీళ్లు పోయాలి. పిన్‌లకు సిలికాన్ గ్రీజే, బేరింగ్ గ్రీజు కాదు. బోల్టులు మీ బండి సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించండి. బండి కదపక ముందు పెడల్ గట్టిపడేదాకా పంపు చేయాలి. ఇది మరిచిపోతే మొదటి తొక్కుడుకి పెడల్ నేలకు దిగుతుంది, బండి ఆగదు. వెనక కూడా డిస్కులు, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లలో ఈ విప్పుడు జోలికి అసలు పోవద్దు. సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా పిస్టన్ నొక్కితే ఆ పార్కింగ్ బ్రేకు మోటారు చెడొచ్చు.

చక్రం వేయడానికి కనీసం మూడు నాలుగు గంటలు, రోడ్డెక్కడానికి 24 గంటలు ఆగండి. వారం దాకా ప్రెషర్ వాష్ వద్దు. డిస్కు మీద తుంపర పడిందేమో చూసి బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నాలుగైదు సార్లు బ్రేకు వేసి చూడండి. మొదట్లో కాస్త వాసన వస్తే భయం లేదు, పొగ వస్తే ఆపి చూడాలి. 50–100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి స్పానర్ పెట్టి సరిచూసుకోండి.

మార్కెట్లో అమ్మే ప్లాస్టిక్ క్యాలిపర్ కవర్లు మాత్రం వద్దు. గమ్ము వేడికి ఊడితే చక్రంలో ఇరుక్కుంటాయి. స్టిక్కర్లంటారా, ఖరీదైన స్పోర్ట్స్ కార్ల బ్రేకులు చేసే బ్రెంబో పేరు అతికించుకుంటే మీ ఇష్టం. అడిగినవాడికి ఒక్క పిస్టన్ క్యాలిపర్ అని చెప్పుకోవాల్సి వస్తుంది, అంతే.