బల్ల గుద్దక ముందు

తమ్ముడికి ఆశీస్సులు.

2025 జూన్ 1న నార్వేలోని స్టావాంగర్‌లో జరిగిన చెస్ టోర్నీలో, ప్రపంచ నంబర్ వన్ కార్ల్‌సన్‌ని గుకేశ్ ఓడించిన గేమ్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. నీ అభిమానం నాకు నచ్చింది. కానీ ఓడిపోగానే కార్ల్‌సన్ బల్ల గుద్దడంతో మొదలుపెట్టావు. ఆ వీడియో ఊరూవాడా చూసేసింది. అంతకుముందు గంటల తరబడి జరిగింది రాయి.

గుకేశ్‌వి తెల్ల పావులు. చాలాసేపు ఓడిపోయే స్థితిలోనే ఉన్నాడు. పోయిన గేమ్ ముందు కూర్చున్నవాడు ఏం చేస్తాడో పాఠకుడికి చూపించు. వాడు గెలుపు కోసం వెతకడు. ప్రతి ఎత్తుకీ ఎదుటివాడికి ఏదో ఒక చిక్కు పెడతాడు, తేలిగ్గా కనిపించే జవాబు తప్పయ్యేలా చూస్తాడు. ఆ చిక్కులు విప్పడానికి నిమిషాలు ఖర్చవుతాయి. ఆ టోర్నీలో మనిషికి రెండు గంటలు. 40 ఎత్తులు దాటాకే ఎత్తుకి పది సెకన్ల చొప్పున కలుస్తాయి. అలా టైమంతా కరిగి సెకన్లలోకి వచ్చాక, 52వ ఎత్తులో కార్ల్‌సన్ గుర్రంతో తప్పుడు చెక్ ఇచ్చాడు. గేమ్ అక్కడే తిరగబడింది. నీ వ్యాసంలో ఆ గుర్రం ఊసే లేదు!

‘అద్భుతం’ అన్న మాట కొట్టెయ్. ఆటగాడి బలాన్ని అంకెల్లో చెప్పే రేటింగ్‌లో ఇద్దరికీ అప్పటికి తేడా సుమారు 50 పాయింట్లు. ఆ రేటింగ్‌లు కట్టే ఎలో లెక్కన, గెలుపుకి ఒకటి, డ్రాకి అర చొప్పున వంద గేములాడితే రేటింగ్‌లో పైవాడికి సుమారు 57, కిందివాడికి 43 వస్తాయి. అదేమంత అగాధం కాదు. పైగా ఆ రోజుకి ప్రపంచ చాంపియన్ గుకేశే. కిరీటం ఒకరిది, పెద్ద రేటింగ్ ఇంకొకరిది. నన్నడిగితే ఈ గేమ్‌లో అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి ఇదే. అదే టోర్నీ మొదటి రౌండ్‌లో కార్ల్‌సన్ చేతిలో ఓడిన గుకేశ్, క్లాసికల్‌లో, అంటే ఇలా గంటల తరబడి సాగే ఆటలో, అతని మీద మొదటిసారి గెలిచాడన్నది కూడా చేర్చు. చెన్నైలోని తెలుగు కుటుంబం కుర్రాడని చెప్పడానికి రెండు పేరాలెందుకు? ఒక వాక్యం చాలు.

వందలో తొంభై తొమ్మిదిసార్లు ఓడిపోయే గేమ్ ఇదని గుకేశే అన్నాడు. గెలిచినవాడు చెప్పినదానికి మించి నువ్వు పొగడకు. కార్ల్‌సన్‌ని విలన్‌ని చేయకు. బల్ల గుద్దినవాడే చెయ్యి కలిపాడు, వెళ్తూ గుకేశ్ వీపు తట్టాడు. ఆ రెండూ ఒకే వాక్యంలో పడాలి.

ముందు బోర్డు పరిచి, 40 నుంచి 52 దాకా ఎత్తులన్నీ నీ చేత్తో ఆడి చూడు. ఆ తర్వాతే తిరగరాసి పంపు.